శనివారం బారసాల: అమెరికా తెలుగు పిల్లల వేడుకల చరిత్ర

అమెరికాలో పుట్టిన తెలుగు బిడ్డ పేరు బారసాల దాకా ఆగదు. తల్లీబిడ్డ ఆస్పత్రి నుంచి ఇల్లు చేరకముందే జనన ధ్రువపత్రానికి సంబంధించిన కాగితాలు మంచం దగ్గరికి వస్తాయి. వాటిలో బిడ్డ పేరు రాయాలి. అక్కడే ఒక గడిలో టిక్కు పెడితే సోషల్ సెక్యూరిటీ నంబరుకు కూడా దరఖాస్తు చేసినట్టే. 1980ల చివరి నుంచి నడుస్తున్న ఏర్పాటు ఇది. మన లెక్కలో పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో జరగాల్సిన పని కాన్పయిన రెండో రోజుకే అయిపోతుంది.

అందుకే ఇండియాలో ఉన్న అమ్మమ్మ, తాతయ్య ముందుగానే తయారవుతారు. నక్షత్రం ఇంచుమించు రోజుకొకటి మారుతుంది కాబట్టి, డాక్టరు చెప్పిన తేదీకి అటూ ఇటూ వచ్చే నక్షత్రాలన్నిటికీ అక్షరాలు రాసిపెట్టుకుంటారు. అశ్విని అయితే చూ, చే, చో, లా. ఆ అక్షరంతో మొదలయ్యే పేరు తెలుగులో బాగుండాలి, అక్కడి టీచరు నోటికి తిరగాలి, ముందుండే ఇంటిపేరు వెనక్కి వెళ్లినా వినసొంపుగా ఉండాలి. ఇన్ని షరతులు దాటిన పేరు ఆస్పత్రి కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత వీలున్న శనివారం నాడు పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి బంగారు ఉంగరంతో ఆ పేరునే మళ్లీ రాస్తాడు. బిడ్డ చెవిలో మూడుసార్లు చెబుతాడు. ప్రభుత్వానికి ముందే తెలిసిన పేరు బంధువుల మధ్య మరోసారి పుడుతుంది.

గత అరవై ఏళ్లలో అమెరికా తెలుగు ఇళ్లలో పిల్లల వేడుకలన్నీ ఇలాగే నడిచాయి. ఆచారంలో ఏముండాలో ఇంటి పెద్దలు చెప్పారు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా జరగాలో మాత్రం సెలవులూ, వీసాలూ, విమాన టికెట్లూ తేల్చాయి.

ఈ కథ 1965 అక్టోబరు 3న మొదలైంది. ఆ రోజు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ న్యూయార్క్ రేవులో స్వేచ్ఛా విగ్రహం పాదాల చెంత కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు కేటాయించే పాత పద్ధతి పోయి, చదువుకూ, నైపుణ్యానికీ, కుటుంబ సంబంధాలకూ చోటు దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లోని మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లు ఆ దారిన బయల్దేరారు. డాక్టర్లలో చాలామందికి ఉద్యోగాలు దొరికినవి పెద్ద నగరాల్లో కాదు, చిన్న ఊళ్ల ఆస్పత్రుల్లో. పొరుగున తెలుగువాళ్లు లేరు, పురోహితుడు లేడు, గుడి లేదు. బిడ్డకు అన్నప్రాశన ఎలా చేయాలో అత్తగారు నీలిరంగు ఏరోగ్రామ్ మీద సందు లేకుండా రాసి పంపేది. ఆ ఉత్తరం చేరేసరికి వారం, పది రోజులు. ఉత్తరం ఆలస్యమైతే బిడ్డ తల్లికి గుర్తున్నదే శాస్త్రం.

అంతకు వందేళ్ల ముందు సముద్రం దాటిన తెలుగువాళ్లకు ఆ ఉత్తరం కూడా అందనిదే. కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకుతోటలకు, 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో నాటల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్ల పేర్లను గుమస్తాలు తమ చెవికి వినపడినట్టు రాసుకున్నారు. మారిషస్‌లో నేటికీ ఉగాది ప్రభుత్వ సెలవు. అక్కడి తెలుగువాళ్లు తరాల తరబడి స్వదేశం ముఖం చూడకుండానే పండుగను పట్టుకుని నిలబడ్డారు. అమెరికా వెళ్లినవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లు తిరిగి రాగలరు, కానీ కావలసిన రోజున రాలేరు.

1970ల రెండో సగంలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో తిరుమల ఆలయం నమూనాలో శ్రీ వేంకటేశ్వరుడి గుడి లేచింది. న్యూయార్క్ ఫ్లషింగ్‌లో, ఒకప్పుడు రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉన్న స్థలంలో, గణపతి ఆలయానికి 1977 జులై 4న కుంభాభిషేకం జరిగింది. రెండిటికీ తిరుమల తిరుపతి దేవస్థానం చేయూతనిచ్చింది. అదే 1977లో తెలుగువాళ్ల తొలి జాతీయ మహాసభ న్యూయార్క్‌లో జరిగింది. దాని నుంచే ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, పుట్టింది. పిల్లల పుట్టువెంట్రుకలు వెంకన్నకు మొక్కుకుని తిరుమల వెళ్లలేక బాధపడుతున్న కుటుంబాలు ఇక పిట్స్‌బర్గ్ దారి పట్టాయి. రాత్రంతా కారు నడుపుకుంటూ వెళ్లి, వెనకసీట్లో నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి, తలనీలాలిప్పించి, పులిహోర ప్రసాదం తిని, సోమవారం పొద్దుటికి మళ్లీ ఉద్యోగంలో ఉండటం ఆ తరానికి అలవాటైన యాత్ర.

ఈ తల్లిదండ్రుల్లో చాలామందికి తమ అసలు పుట్టినరోజే కాగితం మీద లేదు. జననమరణాల నమోదు చట్టం మన దేశంలో 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టిన పల్లెటూరి పిల్లలకు బడిలో చేర్చుకునే రోజున పంతులుగారు అంచనాగా వేసిన తేదీయే జీవితాంతం నిలిచేది. ఇంట్లోవాళ్లకు గుర్తున్నది తిథి. శ్రావణ బహుళ అష్టమి నాడు, కృష్ణాష్టమి రోజు, వాన పడుతుండగా పుట్టాడు అని చెప్పేవాళ్లు. గ్రీన్‌కార్డు దరఖాస్తుకు జనన ధ్రువపత్రం అడిగినప్పుడు రికార్డు లేదన్న ధ్రువీకరణా, పెద్దవాళ్ల అఫిడవిట్లూ తెప్పించుకుని గట్టెక్కినవాళ్లు ఎందరో. అలాంటివాళ్ల పిల్లలకు మాత్రం పుట్టిన తేదీని గంటా నిమిషంతో సహా ఆస్పత్రి రాసిచ్చింది.

ఇక పుట్టినరోజు ఏనాడు చేయాలి? న్యూజెర్సీలో శీతకాలం శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి బిడ్డ పుడితే హైదరాబాదులో శనివారం పొద్దున్న ఏడున్నర. ఆ క్షణాన చంద్రుడున్న నక్షత్రం రెండుచోట్లా ఒకటే. కానీ మరుసటి ఏడాది నుంచి తిథి ప్రకారం చేయాలంటే, ఏ ఊళ్లో సూర్యోదయానికి ఆ తిథి ఉందో చూడాలి. షికాగోలో ఒక రోజు, విజయవాడలో ఇంకో రోజు రావచ్చు. పైగా చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి, తిథి పుట్టినరోజు ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధికమాసం వచ్చిన ఏడాది మళ్లీ ముందుకు దూకుతుంది. తేదీ, తిథీ మళ్లీ దాదాపు కలిసేది పందొమ్మిదో ఏట. అందుకే అమెరికా నగరాల సూర్యోదయాలకు గణించిన పంచాంగాలు వచ్చాయి. చాలా ఇళ్లలో ఒకే బిడ్డకు మూడు పుట్టినరోజులు స్థిరపడ్డాయి. తిథి నాడు తలంటి, కొత్తబట్టలు, గుడిలో గోత్రనామాలతో అర్చన. తేదీ నాడు బడిలో తోటిపిల్లలకు కప్‌కేకులు. వారాంతంలో పార్టీ.

ఆ పార్టీలో కోసే కేకుకూ ఒక వలస చరిత్ర ఉంది. వయసుకు తగినన్ని కొవ్వొత్తులు గుచ్చిన కేకు ప్రస్తావన 1746లో జర్మన్ ప్రభువు జిన్‌జెండార్ఫ్ పుట్టినరోజు వర్ణనలో కనిపిస్తుంది. జర్మన్ల బాలల వేడుక అట్లాంటిక్ దాటి అమెరికాలో స్థిరపడింది. పుట్టినరోజు పాట బాణీ కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌కు చెందిన హిల్ అక్కాచెల్లెళ్లది. టీచరు పొద్దున్నే బడిపిల్లలకు చెప్పే పలకరింపుగా 1893లో అచ్చయింది. పుట్టినరోజు మాటలు తర్వాత చేరాయి. ఆ మాటల మీద సంగీత సంస్థ చెప్పుకున్న హక్కు చెల్లదని కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి తీర్పు ఇచ్చింది 2015లో. తెలుగు పిల్లలు ఆ పాటను బడిలో నేర్చుకుని ఇంటికి తెచ్చారు.

పెద్దవాళ్లకు మింగుడుపడనిది పాట కాదు, కొవ్వొత్తి ఆర్పడం. శుభమా అని పుట్టినరోజు చేస్తూ నోటితో దీపం ఊదేయడమేమిటని నొచ్చుకున్నారు. మన పద్ధతిలో జన్మదినాన మార్కండేయుణ్ణీ, ఏడుగురు చిరంజీవులనూ తలుచుకుని, నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు తాగిస్తారు. చివర్న హారతి ఇస్తారు. అమెరికా ఇళ్లు ఈ రెండిటికీ ఒక వరస కుదిర్చాయి. ముందు దేవుడి దగ్గర దీపం వెలిగించి, పిల్లను పీట మీద కూర్చోబెట్టి, అక్షింతలు వేసి హారతిస్తారు. తర్వాతే కేకు. గుడ్డు తినని ఇళ్లవాళ్లు ఎగ్‌లెస్ కేకు కోసం ఇండియన్ బేకరీలు వచ్చేదాకా ఇంట్లోనే కుస్తీ పట్టారు. రంగురంగుల మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుందని తెలిశాక డబ్బా వెనక చిన్నక్షరాలు చదవడం పిల్లలకే అలవాటైంది.

అమెరికన్ ఆహ్వానంలో తొలితరాన్ని ఆశ్చర్యపరిచినది ముగింపు వేళ. రెండు నుంచి నాలుగు వరకు పార్టీ అని రాసి ఉంటే, నాలుగింటికి వెళ్లిపొమ్మని పిలుపులోనే చెబుతున్నారా అనుకున్నారు. క్రమంగా రెండు రకాల పిలుపులు ఏర్పడ్డాయి. బడి స్నేహితులకు పిజ్జా, ఆటలతో రెండు గంటలు. తెలుగువాళ్లకు సాయంత్రం మొదలై బిర్యానీ, గుత్తివంకాయ, పెరుగన్నంతో రాత్రి పదకొండు దాటే విందు.

అన్నప్రాశన సంగతి మరీ చెప్పుకోదగ్గది. కూతురి పురిటికి అమ్మమ్మ వస్తుంది. శొంఠి, వాము, వసకొమ్ము, వెండి గిన్నె, మొలతాడు పెట్టెలో సర్దుకుని డాక్టరు చెప్పిన తేదీకి నెల ముందు దిగుతుంది. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఒక దఫాకు ఆరు నెలల గడువిస్తారు. అంటే బిడ్డకు ఐదో నెల నడుస్తుండగా ఆమె తిరుగు టికెట్టు. ఆడపిల్లకు బేసి నెలలో, మగపిల్లాడికి సరి నెలలో అన్నం ముట్టించాలన్నది మన పద్ధతి. మనవరాలైతే అమ్మమ్మ వెళ్లేలోగా ఐదో నెలలో ఆ ముచ్చట తీరుతుంది. మనవడైతే ఆరో నెలకు, అమ్మమ్మను విమానం ఎక్కించి అదే వారంలో దిగిన నానమ్మ చేతుల మీదుగా జరుగుతుంది. ఇరువైపుల పెద్దలు చెరో ఆరు నెలలు వంతులు వేసుకోవడం అమెరికా తెలుగిళ్లలో చెప్పకుండానే కుదిరిన ఒప్పందం. బిడ్డ మొదటి ఏడాది నాలుగు చేతులు పంచుకుని పెంచిన ఏడాది.

పరమాన్నంలోనూ మార్పు వచ్చింది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో పాత అలవాటు. తేనె వల్ల పసిపిల్లలకు బాచ్యులిజం అనే విషరోగం వచ్చే ప్రమాదముందని 1976 తర్వాత కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. అప్పట్నుంచి ఏడాది నిండేదాకా తేనె వద్దని అక్కడి డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఘనాహారం కూడా ఆరు నెలలు వచ్చాకే అంటారు. అమ్మమ్మలు వాదనకు దిగలేదు. తేనె మానేశారు. ఐదో నెల పిల్లకు బంగారు ఉంగరం కొసతో పాయసం నాలుకకు తాకించి ఊరుకున్నారు. ఆ తర్వాత ఎదురుగా పుస్తకం, కలం, బంగారం, డబ్బులు, పూలు పెట్టి బిడ్డ ఏది పట్టుకుంటుందా అని చూడటం యథాప్రకారం. మొదటి ముద్ద పెట్టాల్సిన మేనమామ గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉంటే, తల్లి అన్నా అని పిలిచే స్నేహితుడు ఆ పీట మీద కూర్చున్నాడు. చాలా ఇళ్లలో అలా కూర్చున్నవాడు ఆ పిల్ల ఓణీల నాడు కూడా మేనమామే.

వేడుకలన్నీ శనివారానికి జరగడాన్ని కొందరు పెద్దలు తప్పు పట్టారు. ముహూర్తం మన ఆఫీసు సెలవు చూసుకుని రాదు కదా అన్నారు. ఆ మాట నిజమే. కానీ మంగళవారం పొద్దున్న పది గంటల శుభలగ్నానికి ఆ ఇంటికి వచ్చేవాళ్లెవరు? పిల్ల పుట్టుక నలుగురూ కలిసి దీవించే పని. ఆ నలుగురూ రాగలిగే రోజును ఎంచుకోవడంలో శ్రద్ధే ఉంది, నిర్లక్ష్యం లేదు. గుళ్లు కూడా ఈ అవసరాన్ని గుర్తించాయి. వసంత పంచమి వారం మధ్యలో వస్తే, బాసర తరహాలో సామూహిక అక్షరాభ్యాసాలను దగ్గర్లోని ఆదివారానికి కూడా పెడుతున్నాయి. హాలు పొడవునా వరుసగా తండ్రుల ఒళ్లలో పిల్లలు, ముందు బియ్యం పోసిన పళ్లేలు, పక్కన ఇండియా నుంచి తెప్పించిన పలకా బలపం.

భోగిపళ్లకైతే ఊరుమ్మడి తెలివి పనిచేసింది. జనవరి 13, 14 తేదీల్లో ఉత్తరాది రాష్ట్రాల్లో మోకాలి లోతు మంచు. రేగిపళ్లు దొరకవు, బంతిపూలు దొరకవు. ఎండు క్రాన్‌బెర్రీలు, చైనా కొట్లలో దొరికే రేగిజాతి పళ్లు, నానబెట్టిన శనగలు, ఇండియన్ స్టోర్లో దొరికితే చెరకు ముక్కలు, గులాబీ రేకులు, చాక్లెట్లు, గుప్పెడు సెంట్లు కలిపారు. పిల్లను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, గుప్పిటతో తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోశారు. అపార్ట్‌మెంట్లో ఐదారుగురు పిల్లలుంటే అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. కిందపడ్డ నాణేలు ఏరుకోవడానికి మిగతా పిల్లలు ఎగబడటం మాత్రం మన ఊళ్లో చూసిన దృశ్యమే.

హారతి, హోమం ఇంకో చిక్కు. కర్పూరం పొగకు సీలింగు మీది అలారం కూస్తుంది. పెద్ద భవనాల్లో అయితే ఫైరింజను కూడా వస్తుంది. అద్దె హాళ్లలో నిప్పు వెలిగించనివ్వరు. హోమాన్ని గుడికి మార్చడం, ఇంట్లో కిటికీలు తెరిచి వెలిగించడం, హాల్లో బ్యాటరీ దీపాలతో సరిపెట్టుకోవడం ఇలా పుట్టినవే.

ఈ వేడుకలను దూరాన ఉన్న పెద్దలకు చూపించడం దశాబ్దాల పోరాటం. 1980ల్లో వీడియో కెమెరా కొన్నవాళ్లు మొదటి పుట్టినరోజు క్యాసెట్టును ఎవరో ప్రయాణమవుతుంటే ఇచ్చి పంపారు. అక్కడ వీసీఆర్‌లో పెడితే బొమ్మ సరిగా పడదు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, ఇండియాది పాల్ పద్ధతి. క్యాసెట్టును ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మార్చి ఇచ్చే దుకాణాలు వెతుక్కోవాల్సి వచ్చింది, లేదంటే రెండూ ఆడే వీసీఆర్ ఉన్న ఇంటికి వెళ్లి చూడాల్సి వచ్చింది. స్కైప్‌లో, ఆ తర్వాత 2016లో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చాక ఆ ఆరాటం తీరింది. 2020 మార్చిలో వీసా కార్యాలయాలు మూతపడ్డాక మాత్రం తెరే దిక్కయింది. ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో ఎందరికో బారసాల జూమ్‌లో జరిగింది. పురోహితుడు ఒక గడిలో, తాతయ్య ఒక గడిలో, అక్షింతలు ఎవరి ఇంట్లో వాళ్లు ఫోను మీదే చల్లారు.

సాంకేతిక ఉద్యోగాల వీసాలు పెరిగిన 1990ల చివర్నుంచి తెలుగువాళ్ల సంఖ్య ఊహించనంత పెరిగింది. 2010, 2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనగణన సంస్థ సర్వేల విశ్లేషణ తేల్చింది. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో పురోహితులు, కేటరర్లు, మండపం అలంకరించేవాళ్లు, తెలుగు యాంకర్లు దొరకసాగారు. ఓణీల వేడుక, పంచెల వేడుక పెద్ద హాళ్లకు చేరాయి. దుబారా అన్న విమర్శ సరైన చోట్లూ ఉన్నాయి. అయితే ఇది తెలుగువాళ్లకే వచ్చిన కోరిక కాదు. యూదుల అబ్బాయిలకే ఉన్న యుక్తవయసు వేడుక బార్ మిట్జ్వాకు జతగా, 1922 మార్చిలో న్యూయార్క్‌లో జుడిత్ కాప్లాన్ అనే పన్నెండేళ్ల అమ్మాయికి తండ్రి, రబ్బీ మొర్దెకాయ్ కాప్లాన్, సభ ముందు బాట్ మిట్జ్వా చేయించాడు. తర్వాతి దశాబ్దాల్లో అది ఆ దేశమంతటా వ్యాపించింది. లాటినో ఇళ్లలో పదిహేనో ఏట కిన్సెనేరా ఉంది. స్నేహితురాళ్ల వేడుకలకు వెళ్లొచ్చిన తెలుగు అమ్మాయికి తనదంటూ చెప్పుకోవడానికి ఓణీలున్నాయి. ఆ రోజు బడి స్నేహితులు కూడా లంగా ఓణీ కట్టుకుని వస్తారు.

ఇదే దేశంలో భయంతో ఎదురుచూసే పుట్టినరోజు కూడా ఒకటుంది. ఇండియాలో పుట్టి రెండేళ్లకో మూడేళ్లకో తల్లిదండ్రులతో డిపెండెంట్ల హెచ్-4 వీసా మీద వచ్చిన పిల్లలకు ఇరవై ఒకటో ఏడు నిండగానే ఆ ఆధారం పోతుంది. ఏ దేశం వాళ్లకూ ఏటా ఏడు శాతానికి మించి ఉద్యోగ గ్రీన్‌కార్డులు దక్కనివ్వని నిబంధన వల్ల తండ్రి వంతు ఇంకా రాదు. 2002 నాటి బాలల స్థితి రక్షణ చట్టం కొందరిని కాపాడింది, అందరినీ కాదు. మిగిలినవాళ్లు విద్యార్థి వీసాకు మారాలి, లేదా తమకు గుర్తులేని దేశానికి వెళ్లాలి. అదే ఇంట్లో అక్కడే పుట్టిన తమ్ముడు పౌరుడు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లలో ఒకరికి పుట్టినరోజు పండుగ, మరొకరికి గడువు. పిల్లల వేడుకల చరిత్రలో ఈ పుట కూడా చదవాలి.

ప్రవాహం వెనక్కి కూడా నడిచింది. రెండేళ్లు నిండని పిల్లకు ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అంతర్జాతీయ టికెట్టులో సుమారు పదో వంతే. అందుకే చాలామంది ఆ లోగానే ఇండియా ప్రయాణం పెట్టుకుని, తిరుమలలోనో వేములవాడలోనో పుట్టువెంట్రుకలు తీయించి, అదే ఊపులో ఫంక్షన్ హాల్లో మొదటి పుట్టినరోజూ చేస్తారు. రాకపోకలను తేలిక చేసిన ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డులను 2006 జనవరిలో తొలిసారి ఇచ్చింది హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలోనే. ఆ పుట్టినరోజు ఫంక్షన్లలో కనిపించిన థీమ్ అలంకరణలు, రిటర్న్ గిఫ్టులు, ఫొటో బూత్‌లు అమెరికాలో ఎవరూ లేని ఇళ్లలోకీ పాకాయి.

ఇప్పుడు మూడో తరం మొదలైంది. 1970ల్లో ఏరోగ్రామ్ చదువుకుంటూ అన్నప్రాశన చేసిన ఆ తల్లికి మనవలున్నారు. ఆమెకు వీసా అక్కర్లేదు, ఆరు నెలల గడువూ లేదు. మనవరాలి బారసాలకు అరగంట కారు ప్రయాణం చేసి వస్తుంది. అల్లుడు తెలుగువాడు కాకపోతే ఇంగ్లిషులో విడమరచి చెబుతుంది. బియ్యంలో పేరు రాసేటప్పుడు తెలుగు అక్షరాలు రాని తండ్రి చెయ్యి పట్టుకుని రాయిస్తుంది. ఆ వేడుక కూడా, బహుశా, శనివారమే.